పలికితేనే పాట

చిత్తూరు బెల్లం మండీలకు ఒక వాసన ఉంటుంది. చొక్కాకు పట్టిందంటే నాలుగు ఉతుకులకు గానీ వదలదు. కుప్పయ్య మండీ మూతబడి చాలా నెలలైనా, బాడుగ కట్టకుండా భీష్మించుకున్న మనిషిలా ఆ వాసన అక్కడే కూర్చుని ఉంది. సారంగపాణి గడప దాటగానే అది ముక్కుకు తగిలింది. తగిలింది, అంతే. ఎనిమిదేళ్ళ తర్వాత ఈ గడప తొక్కుతున్నాను కదా, లోపల ఏమైనా కలుక్కుమంటుందేమో అని ఒక్క క్షణం ఆగి చూసుకున్నాడు. ఏమీ అనలేదు.

ఆ గుండె ఏదైనా అనడం మానేసి చాలా కాలమైంది. తిరుచానూరులో ఇల్లు, తిరుపతిలో దేవస్థానం ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, గోదాదేవి లాంటి నెమ్మదైన భార్య. కొరత లేదు. తండ్రి పోయినప్పుడు అందరూ గొల్లుమంటుంటే ఇతను వంటవాళ్ళకు అరటాకులు అందాయో లేదో చూసి వచ్చాడు. ఎంత నిబ్బరమో అని బంధువులు మెచ్చుకున్నారు. నిబ్బరమా, పాడా! ఎడమచేతి వేళ్ళ కొసలు ఎలా మొద్దుబారాయో, మనిషీ అలాగే మొద్దుబారాడు.

ఆ వేళ్ళు ఒకప్పుడు బేస్ గిటారు వాయించేవి. డెబ్భై అయిదు నాటి మాట. పాకాల నుంచి వచ్చే ఏకాంబరం గిటారు మీటుతూ పాడేవాడు. కుప్పయ్య కొడుకు చిన్నబ్బ డ్రమ్ములు. మూడోవాడు సారంగపాణి. మెడ మీదికి జుట్టు, నేల ఊడ్చే బెల్‌బాటం ప్యాంట్లు. వీళ్ళ రాక్ సంగీతానికి ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు 'రేకుల షెడ్డు కచేరీ'. వీళ్ళకు సిగ్గుంటే కదా! పాకాల జంక్షనులో ఆగే రైళ్ళ మీద తెలుగులో ఒక పూర్తి రికార్డు తేవాలని పట్టు పట్టారు. మద్రాసు స్టూడియోకు పోయేలోగా పాటలన్నీ మండీలో సాధన చేస్తూ, చిన్నబ్బ ఎక్కడో చవగ్గా కొన్న పాత స్పూలు టేప్‌రికార్డరులో పట్టుకునేవాళ్ళు.

ఉన్నది ఒకటే మైకు. డ్రమ్ముల మోత మిగతావాటిని మింగేయకుండా, బెల్లం బస్తాలను మనిషెత్తు గోడల్లా పేర్చి, ఒక్కొక్కరూ ఒక్కో అరలో కూర్చునేవాళ్ళు. ఒకరి మొహం ఒకరికి కనబడేది కాదు. అందుకని ఏకాంబరం ఒక పద్ధతి పెట్టాడు. టేపు తిరగడం మొదలవగానే బడిలో హాజరు పిలిచినట్టు పేర్లు పిలుస్తాడు. పిలిచినవాడు "ఉండా" అనాలి. ఇద్దరూ పలికితేనే పాట. పలక్కపోతే పలికేదాకా పిలుస్తాడే తప్ప పాట ఎత్తడు. అంత మొండి.

మరుసటేడు, చక్రాల చప్పుడు టేపులో పట్టాలని రైలు ఫుట్‌బోర్డు మీద నిలబడి మైకు పట్టుకుని బయటికి వంగిన ఏకాంబరం, పాకాల దాటాక జారిపడి చనిపోయాడు. రికార్డు ఆగిపోయింది. సారంగపాణి గిటారు అమ్మేశాడు.

ఇప్పుడు చిన్నబ్బ కూడా పోయాడు. పోయి నెలయింది. మూతబడ్డ మండీలో ఒక్కడే, ఆ స్పూలు మిషను ముందు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే. గుండె ఆగిందన్నారు. మిషనునూ, మిగిలిన ఒకే ఒక్క స్పూలునూ తీసుకుపొమ్మని కుప్పయ్య కబురు పెడితే సారంగపాణి వచ్చాడు. ఆ కబురు పాకాలకూ పాకినట్టుంది. మండీ అరుగు మీద ఏకాంబరం తల్లి వసంతమ్మ కూర్చుని ఉంది.

"మా ఇంట్లో వాడు నోరు తెరిసి పాడిందే లేదప్పా," అంది ఆమె. "వాళ్ళ నాయనకు పాటంటే సిర్రు. ఊరంతా ఇన్నిందంట నా కొడుకు పాట. నేను ఇన్లే. ఒక్కసారి ఇనిపించు. అంతకన్నా నాకేమీ వద్దు."

సారంగపాణి సరేనన్నాడు. తనతో తెచ్చుకున్న జపాను క్యాసెట్ మిషనును స్పూలు మిషనుకు వైరుతో కలిపాడు. పాట అందులోకి ఎక్కితే ఆమె ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు. మైకు అక్కర్లేదు, పాట వైరులోంచే పోతుంది, మనం మాట్లాడుకున్నా అందులో పడదు అని చెప్పాడు.

కుప్పయ్య తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "దీపాలేళ అయింది గదప్పా. రేపు పగలు పెట్టుకోరాదా?" అన్నాడు.

"రేపు ఆఫీసుంది," అన్నాడు సారంగపాణి, మీట నొక్కుతూ.

స్పూళ్ళు కదిలాయి. ముందు బుస్సుమనే శబ్దం. టేపు రాలుస్తున్న గోధుమరంగు పొడి మిషను మీద సన్నగా పేరుకుంటోంది. టేపులో ఎవరో దగ్గారు. గిటారు తీగను ఎవరో బిగించారు. వసంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మండీలో బెల్లం వాసన మెల్లగా మారింది. పాత వాసన కాదు... పొయ్యి మీద పాకం ఇప్పుడే పొంగుతున్న వాసన.

"చిన్నబ్బా..."

ఏకాంబరం గొంతు. వసంతమ్మ కళ్ళు మూసుకుంది.

"ఉండా."

సారంగపాణి తల ఎత్తాడు. ఇరవై మూడేళ్ళ చిన్నబ్బది గంట కొట్టినట్టుండే గొంతు. ఇది గరగరమంటోంది. చివర ఆయాసం ఉంది.

"అప్పా," అన్నాడు కుప్పయ్య తలుపు దగ్గరినుంచి, చాలా మెల్లగా. "అది మావాడి అప్పటి గొంతు కాదు. పొగాకు నమిలి నమిలి ఈ మద్దెన అట్ల అయిపోయినాది. వాడు పోయిన దినం పొద్దన నాతో మాట్లాడిన గొంతు అది."

సారంగపాణి వంగి స్పూలు వైపు చూశాడు. టేపు సాగిపోయిందేమో, పాతబడితే గొంతులు మారతాయి, అనుకున్నాడు. భయపడాలని తెలుస్తోంది. భయం మాత్రం రావడం లేదు.

"సారంగా..."

ఇక్కడ తన గొంతు రావాలి. ఆ రోజు తను పలికాడు. బాగా గుర్తుంది, నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని పలికితే ఏకాంబరం తిట్టాడు కూడా. టేపులో ఇప్పుడు ఆ పలుకు లేదు. అది ఉండాల్సిన చోట బుస్సుమనే శబ్దం ఒక్కటే ఉంది.

"సారంగా..."

స్పూళ్ళు తిరుగుతున్నాయి. కుడివైపు స్పూలు లావెక్కడం లేదు. ఎడమవైపుది తరగడం లేదు.

"సారంగా... ఉండావా?"

"దెయ్యమైతే మూడోసారి పిలవదంటారు," అన్నాడు కుప్పయ్య. "వీడు పిలస్తానే ఉండాడే..."

"పలకప్పా," అంది వసంతమ్మ. ఆమె మొహంలో భయం లేదు. "నిన్నే గదా పిలిసేది? నువ్వు పలికితే వాడు పాడతాడు."

"వద్దు!" కుప్పయ్య లోపలికి ఒక అడుగు వేశాడు. "పలకొద్దప్పా. ఆ పొద్దు నేను బయట వాకిట్లో ఉంటిని. మావాడు లోపల 'ఉండా' అనింది నా సెవులారా ఇన్న్యాను. ఎవురితో మాట్లాడతాండాడో అనుకున్న్యా. వచ్చి సూస్తే అంతే."

"మీవాడు పలికినాడు గాబట్టి నా కొడుకు వానికి పాడినాడు," అంది వసంతమ్మ. "నాకు పాడేదానికే అందురూ అడ్డం."

ఇద్దరి కళ్ళూ సారంగపాణి నోటి మీదే ఉన్నాయి. ఒక్క మాట. పలికితే ఈ తల్లికి పాట దొరుకుతుంది. పలికితే ఏమవుతుందో కుప్పయ్య చెప్పేశాడు. ప్రాణం మీద తీపి ఉన్నవాడికి ఇందులో ఆలోచించేదేముంది? సారంగపాణి ఆలోచించాడు. అదీ అతని దౌర్భాగ్యం. తను లేకపోతే ఏమవుతుంది అని చూసుకుంటే, ఏమీ అవనట్టే అనిపించింది. పెదవులు వాటంతటవే విడివడ్డాయి...

ఆ క్షణంలో గోదాదేవి గుర్తొచ్చింది. పొద్దున బయల్దేరుతుంటే, రాత్రికి చారు పెట్టనా, మజ్జిగపులుసు పెట్టనా అని అడిగింది. ఏదో ఒకటి అని వచ్చేశాడు. జవాబు చెప్పి రాలేదు.

చెయ్యి చాచి ప్లగ్గు పీకేశాడు.

స్పూళ్ళు వెంటనే ఆగలేదు. నెమ్మదించాయి. గొంతు లావైంది, బరువెక్కింది. "సా... రం... గా..." తర్వాత చీకటి పడుతున్న మండీలో ముగ్గురి ఊపిరి తప్ప ఏ చప్పుడూ లేదు.

వసంతమ్మ తిట్టలేదు. "ఒక్క మాటప్పా," అంది, అంతే. తిట్టి ఉంటే నయమనిపించింది.

స్పూలును పొయ్యిలో వేసేస్తానన్నాడు కుప్పయ్య. సారంగపాణి అడ్డు చెప్పలేదు. వసంతమ్మను పూతలపట్టులో పాకాల బస్సెక్కిద్దామని తనతో తిరుపతి బస్సెక్కించాడు. పూతలపట్టు చేరేసరికి పాకాల బస్సు వెళ్ళిపోయింది. ముసలామెను రోడ్డు మీద వదిలి పోలేడు కదా, తిరుచానూరుకే పిలుచుకొచ్చాడు. దారి పొడుగునా ఆమె ఒడిలో క్యాసెట్ మిషను. పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

గోదాదేవి మజ్జిగపులుసు పెట్టింది. వసంతమ్మకు హాల్లో పక్క పరిచింది. క్యాసెట్లో ఎక్కింది ఆ పిలుపులే, పొద్దున చెరిపేద్దాం అనుకున్నాడు సారంగపాణి. ఇంకొకడైతే అప్పుడే లేచి చెరిపేవాడు. ఇతను అనుకుని పడుకున్నాడు. నిద్ర కూడా బాగానే పట్టింది.

తెల్లవారింది. అమ్మవారి గుడి మైకులోంచి నాదస్వరం వినబడుతోంది. వీధిలో పూలమ్మేవాళ్ళు యాత్రికులను పిలుస్తున్నారు. వంటింట్లో గోదాదేవి కాఫీ కలుపుతోంది. సారంగపాణి స్నానాలగదిలో చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకున్నాడు. ఇంత మామూలు పొద్దులో ఏ దెయ్యానికి చోటుంటుంది?

హాల్లో మీట నొక్కిన చప్పుడు.

"చిన్నబ్బా..."

"ఉండా."

చెంబు చేతిలోనే ఆగిపోయింది.

"సారంగా..."

నోటి మీద అరచెయ్యి అదిమిపెట్టుకున్నాడు. పలకను. నేను పలకను. గొంతులోంచి చిన్న శబ్దం కూడా రానివ్వను.

"సారంగా... ఉండావా?"

వాకిట్లోకి ఎవరో వచ్చి ఇంటాయన పేరు పెట్టి పిలుస్తుంటే, ఏ ఇంటి ఇల్లాలైనా ఏం చేస్తుంది?

"ఉండారు, ఉండారు!" వంటింట్లోంచి గోదాదేవి గట్టిగా పలికింది. "స్నానం చేస్తా ఉండారు. లోపలికి వచ్చి కూర్చోండి."

బుస్సుమనే శబ్దం ఆగింది. కర్రతో కర్ర తాటించినట్టు నాలుగు దెబ్బలు. పాట మొదలైంది.

తడి ఒంటికి తువ్వాలు చుట్టుకుని సారంగపాణి హాల్లోకి వచ్చాడు. వసంతమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని మోకాలి మీద వేలితో తాళం వేస్తోంది. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. ఏకాంబరం పాడుతున్నాడు. వాడు ఇంత బాగా పాడేవాడా! డ్రమ్ముల వెనక రైలు నడక. ఆ నడక కింద, నేలలోంచి వచ్చినట్టు, బేస్ గిటారు... ఈ పాటకు తను ఎన్నడూ వాయించలేదు. ఇది సాధన చేయకముందే ఏకాంబరం పోయాడు.

వసంతమ్మ కళ్ళు తెరవలేదు. "నేను పలకమని సెప్పలేదప్పా," అంది. "ఆయమ్మే పలికినాది."

ఎడమచేతి వేళ్ళు చురుక్కుమన్నాయి. చూసుకున్నాడు. నాలుగు వేళ్ళ కొసల మీదా తీగ కోసినట్టు ఎర్రటి గాట్లు. నొప్పి... ఎనిమిదేళ్ళ తర్వాత నొప్పి. ఆ నొప్పి వెంటే భయం వచ్చింది. తండ్రి పోయినప్పుడు రాని ఏడుపు వచ్చింది. బతకాలనిపించింది. వంటింట్లో గాజుల చప్పుడు చేస్తూ కాఫీ కలుపుతున్న ఆ మనిషితో, రాత్రి మజ్జిగపులుసు బాగుందని చెప్పాలనిపించింది.

పాట అయిపోయింది. టేపు మళ్ళీ బుస్సుమంటోంది.

గోదా, ఇటు రావద్దు, ఎవరు పిలిచినా పలకొద్దు అని అరవాలని సారంగపాణి నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. గొంతు నరాలు ఉబ్బాయి. అతని నోట్లోంచి ఏ చప్పుడూ రాలేదు.

"గోదా..."

హాలు మూల క్యాసెట్ మిషనులోంచి వచ్చింది ఆ పిలుపు. అతని గొంతే.

వంటింట్లో గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"ఆ... ఈడే ఉండానండీ," అంది గోదాదేవి.