నీలం క్లిప్పా, పసుపు క్లిప్పా?

సాయంత్రం నాలుగింటికి తమ్ముడి సంచి భుజానికి తగిలించుకోగానే అక్కకు అనుమానం వచ్చింది. పొద్దున ఎంత బరువుందో ఇప్పుడూ అంతే ఉంది.

"డబ్బా తినలేదా?" అని అడిగింది.

"తిన్నా," అన్నాడు తమ్ముడు. వాడికి మూడేళ్ళు.

"ఏం తిన్నావు?"

"అన్నం."

"ఏ అన్నం?"

"తెల్లది."

ఇక వాడిని అడిగి లాభం లేదు. అక్క డేకేర్ మెట్ల మీద కూర్చుని డబ్బా మూత తీసింది. అన్నం కదపనేలేదు. క్యారెట్ ముక్కలు అమ్మ పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఉడికిన గుడ్డు మధ్యలో దర్జాగా కూర్చుంది.

తమ్ముడి పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. డోలులా బిర్రుగా ఉంది.

డబ్బా తినలేదు. కానీ పొట్ట నిండింది. ఇదెలా సాధ్యం?

అక్క అంటే పదేళ్ళ అమ్మాయి. బళ్ళో ఆమెకు వేరే పేరుంది. డేకేర్‌లో మాత్రం అందరికీ అక్కే. తమ్ముడిని పొద్దున దింపేదీ ఆమే, సాయంత్రం తీసుకెళ్ళేదీ ఆమే. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. నాన్నకు బేకరీలో రాత్రి పని. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి, సగం నిద్రలోనే తమ్ముడికి చొక్కా తిరగేసి తొడిగి, మంచం ఎక్కేస్తాడు. అక్క ఆ చొక్కా విప్పి, సరిగ్గా తొడిగి, వాడిని డేకేర్‌లో వదిలి, ఎదురుగా ఉన్న బడికి పరిగెడుతుంది.

డేకేర్‌లో ఇన్నాళ్ళూ పిల్లలు ఇంటి నుంచే డబ్బాలు తెచ్చుకునేవారు. ఈ సోమవారం నుంచి అక్కడే వండటం మొదలుపెట్టారు. కావాలన్నవాళ్ళు అక్కడ తినవచ్చు, వద్దన్నవాళ్ళు డబ్బా తెచ్చుకోవచ్చు. అమ్మ డబ్బాయే మేలంది. పోయిన నెల జ్వరం వచ్చి తమ్ముడు చిక్కిపోయాడు. "కడుపు ఖాళీగా ఉండనివ్వకండి" అని డాక్టరు చెప్పాడు. "నా చేతి వంటైతే నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు," అంది అమ్మ.

ఎవరు ఏం తింటారో తెలియడానికి డేకేర్ వాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. గుమ్మం పక్కన ఒక చెక్క మీద పిల్లల ఫొటోలు అంటించారు. కింద బుట్టలో బట్టలు ఆరేసుకునే క్లిప్పులు ఉంటాయి. కొన్ని నీలం, కొన్ని పసుపు. ఒక రంగుకు అర్థం ఇంటి డబ్బా. రెండోదానికి అర్థం ఇక్కడి వంట. పొద్దున పిల్లవాడిని దింపినవాళ్ళు వాడి ఫొటోకు ఒక క్లిప్పు పెట్టి వెళ్ళాలి. తొమ్మిదింటికి వంటావిడ ఆ క్లిప్పులు చూసి, ఎంతమందికి వండాలో అంతమందికే బియ్యం కడుగుతుంది. ఆవిడను పిల్లలు పెద్దమ్మ అంటారు.

అక్కకు తెలియనిదల్లా ఒక్కటే. ఏ రంగుకు ఏ అర్థమో.

అమ్మ చెప్పబోయింది. "చూడమ్మా, ఆ క్లిప్పుల సంగతి..." అనగానే, "పెద్దమ్మ చెప్పిందిలే అమ్మా!" అని అక్క జడ రిబ్బను వెతుక్కోవడానికి పోయింది.

డేకేర్‌లో పెద్దమ్మ కూడా చెప్పబోయింది. "ఇలా రా, క్లిప్పుల సంగతి చెప్తా," అంది. అప్పుడే ఎదురుగా బడి గంట మోగింది. "మా అమ్మ చెప్పింది పెద్దమ్మా!" అంటూ అక్క చెక్క వైపు చూసింది. చాలా ఫొటోలకు నీలం క్లిప్పులే ఉన్నాయి. నలుగురితో పాటు నారాయణా అని తనూ నీలం క్లిప్పు పెట్టి పరిగెత్తింది.

ఇప్పుడు మెట్ల మీద డబ్బాతో కూర్చుంటే ఆ క్లిప్పు సంగతి గుర్తే రాలేదు. ఈ డబ్బా చూస్తే అమ్మ ముఖం చిన్నబోతుంది, అదొక్కటే గుర్తొచ్చింది. పొద్దున అయిదింటికి లేచి చేసిన వంట.

చేసేది లేక తనే తినడం మొదలుపెట్టింది. సగం తినేసరికి ఆయాసం వచ్చింది. మిగతాది ఎలాగో ముగించి, గుడ్డు మెట్ల కింది పిల్లికి పెట్టింది. పిల్లి ఎవరి గుడ్డని అడగలేదు.

ఇంట్లో అమ్మ డబ్బా తీసి, బోర్లించి, మళ్ళీ చూసింది.

"మొత్తం తినేశాడా! నా బంగారు కొండ!" అని తమ్ముడిని ఎత్తుకుంది. తమ్ముడు కూడా, అదేదో తన గొప్పే అన్నట్టు నవ్వాడు.

మర్నాడు అమ్మ రెండు గుడ్లు పెట్టింది.

మంగళవారం కూడా డబ్బా నిండుగానే తిరిగొచ్చింది. బుధవారమూ అంతే. అక్కకు ఏమీ అర్థం కాలేదు. ఎవరికీ కనిపించకుండా వాడికి తిండి పెట్టేదెవరు? పెద్దమ్మను అడిగితే తెలుస్తుంది. కానీ, "ఇంత పెద్దదానివి, ఈమాత్రం తెలీదా?" అంటే? మొన్న తెలుసన్నది తనే కదా!

అడగలేదు. తిన్నది. పిల్లికి ఇంకో పిల్లి తోడొచ్చింది.

బుధవారం రాత్రి భోజనం దగ్గర అక్క కంచంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. అమ్మ ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"వాడు ఇప్పుడిప్పుడే దారిలో పడ్డాడు. నీకేమైందే, తిండి మానేశావు?"

"ఆకలి లేదమ్మా."

"వాడి ఆకలి పెరిగింది, దీని ఆకలి పోయింది. మీ ఇద్దరికీ ఒకే పొట్ట ఇచ్చాడేమో దేవుడు!"

అక్క తల ఎత్తలేదు.

"సరే విను," అంది అమ్మ. "రేపటి నుంచి నాకు తెల్లవారుజాము షిఫ్టు. డబ్బా కట్టడం కుదరదు. వాడు అక్కడే తింటాడు. నువ్వు వెళ్ళగానే క్లిప్పు మార్చు. మర్చిపోకు, మార్చాలి. తెలుసుగా?"

"తెలుసమ్మా!"

మార్చడమంటే ఏముంది? ఇన్నాళ్ళూ నీలం. రేపు పసుపు. ఇందులో తెలియకపోవడానికేముంది?

గురువారం పొద్దున పసుపు క్లిప్పు పెట్టింది. తమ్ముడు చెయ్యి ఊపాడు. అక్క హాయిగా బడికి వెళ్ళింది. ఆ రోజు తినాల్సిన రెండో భోజనం లేదు కదా, ఒళ్ళు తేలిగ్గా అనిపించింది.

సాయంత్రం డేకేర్ తలుపు తోస్తుంటే లోపల మాటలు వినిపించాయి. డేకేర్ నడిపే మేడమ్ గొంతు అది. గట్టిగా లేదు, కానీ అరిచినదానికంటే ఎక్కువ భయపెట్టేలా ఉంది.

"జ్వరం పడి లేచిన పిల్లాడండీ. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. వాళ్ళమ్మకు నేనేం చెప్పాలి?"

"పసుపు క్లిప్పే ఉంది మేడమ్," అంది పెద్దమ్మ. "అందుకే వాడికి బియ్యం వెయ్యలేదు. తీరా డబ్బాల బల్ల దగ్గర కూర్చోబెడితే వాడి సంచిలో డబ్బా లేదు. నా అన్నం పెట్టాను. ముట్టుకోలేదు. 'అక్క తెస్తుంది' అని గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు."

తలుపు మీద అక్క చెయ్యి అలాగే ఆగిపోయింది.

"మీరు కళ్ళద్దాలు పెట్టుకునే చూశారా? నీలాన్ని పసుపనుకున్నారేమో!"

"పెట్టుకున్నట్టే గుర్తు... ఏమో మేడమ్. పన్నెండు మంది పిల్లలు, పన్నెండు గోలలు. నేనే పొరబడి ఉంటాను."

"ఇలాగైతే ఈ వంట నడవదండీ. మానేసి, మళ్ళీ అందరినీ డబ్బాలే తెచ్చుకోమని చెప్పేస్తాను."

పెద్దమ్మ చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూస్తోంది.

గోడ వారగా చాప మీద తమ్ముడు ముడుచుకుని పడుకున్నాడు. బుగ్గల మీద కన్నీటి చారలు ఎండిపోయి ఉన్నాయి.

అక్క తలలో అంతా గజిబిజిగా ఉంది. మార్చమన్నారు, మార్చింది. మరి తప్పెక్కడ జరిగింది? తెలియదు. కానీ పెద్దమ్మ కళ్ళద్దాల తప్పు కాదని మాత్రం తెలుసు.

లోపలికి వచ్చింది.

"క్లిప్పు పసుపే మేడమ్. నేనే పెట్టాను."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"డబ్బా లేకుండా పసుపు ఎందుకు పెట్టావమ్మా?" అంది మేడమ్.

"పసుపంటే ఏంటో... నాకు తెలీదు." అక్క చెక్క మీది క్లిప్పుల వైపు చూపించింది. "నీలమంటే ఏంటో కూడా తెలీదు."

"అదేంటే! సోమవారం నేను చెప్పబోతే, మా అమ్మ చెప్పిందన్నావు?" అంది పెద్దమ్మ.

"అమ్మ చెప్పబోతే... మీరు చెప్పారన్నాను."

మేడమ్ ముక్కు మీద వేలేసుకుంది.

"అంటే ఎవరూ చెప్పలేదన్నమాట."

"ఎవరినీ చెప్పనివ్వలేదు మేడమ్," అంది అక్క. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మేడమ్ పెద్దమ్మ వైపు చూసింది. "పొరపాటు నాదేనండీ. మీ కళ్ళద్దాలను అనవసరంగా అన్నాను," అని చెప్పి, అమ్మకు ఫోను చేయడానికి లోపలి గదిలోకి వెళ్ళింది.

పెద్దమ్మ గరిటె పక్కన పెట్టి, అక్కను చెక్క దగ్గరకు తీసుకెళ్ళింది.

"నీలం పెడితే నా కుండ. పసుపు పెడితే మీ డబ్బా."

"ఇంకోసారి చెప్పండి."

"నీలం నా కుండ, పసుపు మీ డబ్బా."

అక్క వేళ్ళ మీద లెక్క చూసుకుంది. సోమ, మంగళ, బుధ... నీలం. అంటే ఆ మూడు రోజులూ వాడు...

"ఇక్కడే తిన్నాడా?"

"ఆహా, తిన్నాడా అని మెల్లగా అడుగుతున్నావా! మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు. అవునూ, రోజూ సంచి కూడా ఎందుకు తెస్తున్నాడా అనుకున్నా. బొమ్మలేమో అని తెరిచి చూడలేదు. నేనూ అడగలేదు, చూడు!"

తమ్ముడు కదిలాడు. కళ్ళు తెరిచి అక్కను చూశాడు.

"డబ్బా తెచ్చావా?"

పెద్దమ్మ మూతపెట్టి ఉంచిన తన కంచం తెచ్చి అక్క చేతికిచ్చింది. అక్క ముద్ద కలిపి పెట్టింది. తమ్ముడు నోరు తెరిచాడు. రెండో ముద్దకు లేచి కూర్చున్నాడు. అయిదో ముద్దకు కంచం తనవైపు లాక్కున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. తమ్ముడిని తీసుకుని పొట్ట తడిమి చూసింది. అక్క చెప్పులు కూడా విప్పకుండా మొత్తం చెప్పేసింది. నీలం, పసుపు, మెట్లు, డబ్బా, పిల్లులు.

అమ్మ తమ్ముడిని చంకకెత్తుకుని అక్క వైపు తిరిగింది.

"అంటే మూడు రోజులు నా వంట తిన్నది నువ్వా?"

"గుడ్లు పిల్లులు తిన్నాయి."

"వాడు అక్కడ బాగానే తింటున్నాడా మరి?"

"మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంటున్నాడట."

అమ్మ ముఖంలోకి ఏదో వచ్చి వెళ్ళింది. అది సంతోషమో, బాధో అక్కకు తెలియలేదు.

"అమ్మా, నీకు కోపమొచ్చిందా, ఏడుపొస్తోందా?" అని అడిగేసింది.

అమ్మ ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత అక్కను దగ్గరకు లాక్కుంది. "రెండూ వస్తున్నాయే. దేన్ని ముందు రానివ్వాలో తెలీడం లేదు," అంది.

శుక్రవారం పొద్దున అక్క డేకేర్‌కు పది నిమిషాలు ముందే వెళ్ళింది. తమ్ముడి ఫొటోకు నీలం క్లిప్పు పెట్టింది. పెట్టి పరిగెత్తలేదు. వంటగది గుమ్మంలో నిలబడింది.

"పెద్దమ్మా, ఇవాళ డబ్బా లేదు. నీలం పెట్టాను. అంతే కదా?"

"అంతే. వాడితో ఎనిమిది మంది." పెద్దమ్మ గిన్నెలో బియ్యం కొలిచి పోసింది.

అక్క ఇంకా కదల్లేదు.

"ఇంకొకటి అడగనా?"

"అడుగు."

"వచ్చేవారం అమ్మకు మామూలు షిఫ్టు. సగం డబ్బాలో పెడతానంటోంది, సగం ఇక్కడ తిననీ అంటోంది. అప్పుడు ఏ క్లిప్పు పెట్టాలి?"

పెద్దమ్మ చెయ్యి బియ్యంలోనే ఆగిపోయింది. చెక్క వైపు చూసింది. బుట్ట వైపు చూసింది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఏమోనే," అంది చివరికి. "నాకూ తెలీదు."

అక్క తమ్ముడి చెయ్యి ఒక చేత్తో, పెద్దమ్మ తడి చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుంది.

"పదండి, మేడమ్‌ని అడుగుదాం."