బొంత మెడ కొలత

శనివారం పొద్దున్న ఎనిమిది దాటినా టైలరుగారింట్లో కుట్టుమిషను చప్పుడు లేదు. ఆయన మెడలో టేపు వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, కుక్కల డాక్టరమ్మ పంపిన కాగితం చదువుతున్నాడు. కాళ్ళ దగ్గర బొంత గడగడా నీళ్ళు తాగుతోంది. ఒంటినిండా తెలుపూ నలుపూ గోధుమరంగూ అతుకులేసినట్టు ఉంటాయని, కుక్కపిల్లగా వచ్చిన రోజే ఆయన భార్య దానికి ఆ పేరు పెట్టింది. టైలరింటికి ఇంతకంటే తగిన కుక్క దొరకదని మురిసిపోయింది కూడా. అది జరిగి పదకొండేళ్ళు. పేరు పెట్టిన మనిషి పోయి పద్నాలుగు నెలలు.

"పొద్దుట్నించీ ఇది మూడో గిన్నె," అంది కూతురు వంటగది గుమ్మంలోంచి. బడిలో లెక్కలు చెప్పే పిల్ల, నీళ్ళ గిన్నెలు కూడా లెక్కపెడుతుంది. తల్లి పోయాక తన అద్దె గది ఖాళీ చేసి తండ్రి దగ్గరికి వచ్చేసింది.

"ఎండలు ముదిరాయి కదమ్మా, దాహం వేస్తుంది."

"బయట వాన పడుతోంది నాన్నా."

ఆయన కిటికీ వైపు ఓసారి చూసి మళ్ళీ కాగితంలో తలదూర్చాడు.

ఏటా బొంతకి టీకాలు వేయించే నెల అది. కూతురు ఫోను చేసి దాని నీరసం, నీళ్ళ సంగతీ చెబితే, ఏమేం చేయించవచ్చో డాక్టరమ్మ వరసగా రాసి పంపింది. పిచ్చికుక్క జబ్బు రాకుండా ఒక టీకా. ఐదు జబ్బులకి కలిపి వేసేది ఇంకొకటి. దగ్గు రాకుండా ముక్కులో వేసే చుక్కలు. అన్నిటికంటే కింద రక్తపరీక్ష, మూత్రపరీక్ష. ఆ రెంటి కిందా గట్టిగా గీతలు గీసింది.

టైలరుగారు చెవి సందులోంచి పెన్సిలు తీశాడు. టీకాలన్నిటికీ టిక్కులు పెట్టి పరీక్షలు రెండూ కొట్టేశాడు.

"టీకాలన్నీ వేయిద్దాం. మీ అమ్మ ఒక్క ఏడాదీ తప్పించలేదు. ఈ పరీక్షలొద్దులే."

"నువ్వు తిరగేసి చెబుతున్నావు నాన్నా. ఆ దగ్గు మందు పది కుక్కలతో తిరిగేవాటికి. మన బొంత పక్కింటి పిల్లిని చూస్తేనే మంచం కింద దూరుతుంది. ముందు చూడాల్సింది రక్తం."

"ముసలి ప్రాణం. సూది గుచ్చి రక్తం లాగితే తట్టుకోవద్దూ?"

"టీకాల సూదులకి లేని నొప్పి పరీక్ష సూదికి వచ్చిందా?"

"తింటోంది, తిరుగుతోంది. లేనిపోనివి తవ్వుకుంటే ఏదో ఒకటి బయటపడుతుందమ్మా."

"బయటపడితేనే కదా మందు వేసేది? కొలత తియ్యకుండా గుడ్డ మీద కత్తెర పెట్టవు నువ్వు. కళ్ళతో కొలిచినవాడు కాలరు దగ్గర దొరికిపోతాడని నా చిన్నప్పట్నించీ చెబుతున్నావు. మరి దీనికి కళ్ళతో కొలిస్తే సరిపోతుందా?"

"గుడ్డ వేరు, ప్రాణం వేరు."

ఆ మాటతో కూతురికి ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగు నెలలుగా పళ్ళ బిగువున ఆపుకున్న మాట ఒక్కసారిగా బయటికొచ్చింది.

"అమ్మకీ ఇలాగే చేశావు. ఎనిమిది నెలలు నీరసం నీరసమంటుంటే ఒక్క పరీక్ష చేయించలేదు. తీరా తీసుకెళ్ళాక డాక్టర్లు నన్ను పక్కకి పిలిచి మాట్లాడారు."

టైలరుగారు గతుక్కుమన్నాడు. బొంత గిన్నె వదిలేసి వచ్చి ఇద్దరి మధ్యా కూలబడింది. ఇంట్లో గొంతులు పెరిగితే మధ్యలో కూర్చోవడం దాని అలవాటు.

"దాన్ని అలా తిప్పుకొస్తాను," అని ఆయన మేకుకున్న బొంత మెడ బెల్టు తీశాడు. పాత తోలుసంచీ కత్తిరించి తనే కుట్టిన బెల్టది. ఐదు రంధ్రాలు, అంగుళానికొకటి, ప్రతిదానికీ ఇత్తడి అంచు.

"వానలో ఎక్కడికి? ఇలా తే," అని కూతురు బెల్టు లాక్కుంది. లాక్కున్నదల్లా ఆగిపోయింది. ఐదో రంధ్రం అవతల ఇంకో రెండున్నాయి. వాటికి ఇత్తడి అంచుల్లేవు. మేకుతో పొడిచి వదిలేసినట్టున్నాయి.

"ఇవెప్పుడు పెట్టావు?"

"ఒకటేమో రెండు నెలల కిందట. ఇంకోటి మొన్న ఆదివారం. వదులై తలలోంచి జారిపోతుంటేనూ..."

"అంటే ఇది చిక్కిపోతోందని నీకు తెలుసు."

ఆయన మిషను ముందు స్టూలు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేచి, బీరువాలోంచి భార్య బూడిదరంగు జాకెట్టు తెచ్చి, లోపలి వైపు తిప్పి కూతురి ఒళ్ళో పెట్టాడు. పక్క కుట్టు దగ్గర, అసలు కుట్టు కాక ఇంకో మూడు వరసలు కుట్లున్నాయి.

"నాకు అందరికంటే ముందే తెలుస్తుంది తల్లీ. చేతిలో టేపుంది కదా. మొదటిసారి అరంగుళం లోపలికి తీశాను. సన్నబడ్డానండీ అని మీ అమ్మ సంబరపడింది. రెండోసారి ముప్పావు. పెళ్ళినాటి కొలతకి వచ్చావే అని వేళాకోళమాడాను. మూడోసారి మాత్రం ఇద్దరికీ నవ్వు రాలేదు. టేపు చుట్టి అలాగే నిలబడిపోయాను. 'ఎంతండీ?' అంది. 'ఏం తగ్గలేదు, అంతే ఉంది' అన్నాను. తను నిద్రపోయాక ఆ మూడో వరస కుట్టాను."

"ఎందుకలా చెప్పావు నాన్నా?"

"భయమేసింది. పైకి అంటే ఎక్కడ నిజమవుతుందోనని. నలభై ఏళ్ళలో నేను తప్పు చెప్పిన కొలత అదొక్కటే."

ఆయన అరచేతుల్లో మొహం దాచుకున్నాడు. కూతురు జాకెట్టు కుట్లు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ కూర్చుంది.

"నేనూ అన్నాను," అంది చివరికి. "సెలవులకి వచ్చినప్పుడు, ఏం తింటున్నావమ్మా ఇంత నాజూగ్గా అయ్యావు, నాకూ చెప్పు అన్నాను. నవ్వింది. ఇన్నాళ్ళూ తప్పంతా నీదే అనుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది నాన్నా."

తండ్రి చెయ్యి ఆమె తల మీదికి వచ్చింది. ఇద్దరూ ఏడ్చారు. బొంత లేచి, ఇద్దరిలో ఎవరి చెయ్యి నాకాలో తోచక జాకెట్టు వాసన చూసి దాని మీదే తల పెట్టుకుంది.

ఆ పూటే ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం తీస్తుంటే బొంత కుయ్యిమనలేదు. మూలిగింది టైలరుగారే. గంటలో ఫలితం వచ్చింది.

"మూత్రపిండాలు చాలావరకు పాడయ్యాయి," అందావిడ, మాట దాచకుండా. "ఈ రోజు ఏ టీకా వద్దు. ఒళ్ళు కాస్త కుదుటపడితే పిచ్చికుక్క జబ్బు టీకా ఒక్కటి వేద్దాం. ఐదు జబ్బులది నిరుడు వేశాం, అది ఇంకా పనిచేస్తుంది. దగ్గుది దీనికి అక్కర్లేదు."

"ఎన్నాళ్ళుంటుందమ్మా?" అని అడిగాడు టైలరుగారు.

"తిండి మార్చి, మందులు వేస్తే కొన్ని నెలలు. ఏడాది ఉంటే అదృష్టమే."

"రెండు నెలల ముందు తెచ్చుంటే?"

"ఇంకొంచెం కాలం దక్కేదేమో. ఇప్పుడైనా తిండి మానకముందే తెచ్చారు, దానికి బాధ తగ్గించవచ్చు. చిక్కుతోందేమో వారం వారం చూసుకోండి."

సాయంత్రానికి వాన వెలిసింది. టైలరుగారు బెల్టు ముందేసుకుని, పొడిచి వదిలేసిన ఆ రెండు రంధ్రాలకీ ఇత్తడి అంచులు వేశాడు. తర్వాత బొంతని దగ్గరికి తీసుకుని మెడ చుట్టూ టేపు తిప్పాడు. కూతురు టీకాల కార్డు తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు తేదీ వేసి, పెన్సిలు పట్టుకుని కూర్చుంది.

"ఎంత నాన్నా?"

ఆయన కళ్ళకి టేపు మీద అంకె మసకబారింది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"పన్నెండున్నర," అన్నాడు పైకి. "పోయినేడు పద్నాలుగున్నర."

కూతురు రెండూ రాసింది. తన పని అయిపోయిందనుకుని బొంత తోకాడించింది. టైలరుగారు టేపు విప్పలేదు. కుర్చీ వీపు మీద వేలాడుతున్న బూడిదరంగు జాకెట్టు వైపు తిరిగి, అప్పుడు అడిగిన మనిషికి ఇప్పుడు జవాబిచ్చాడు.

"తగ్గిందే. చాలా తగ్గింది."