తేదీ లేని బ్యాటరీ

"మనలో ఒకడు అమ్ముడుపోయాడు," అన్నాడు చీఫ్. "ఎవడో తెలీదు. వాడి గొంతు మాత్రం ఇందులో ఉంది."

టేబుల్ మీద ఓ ఫోటో పెట్టాడు. అరచేతిలో పట్టే పాత మ్యూజిక్ ప్లేయర్. విదేశీ ముఠా నాయకుడిది. తన సమావేశాలన్నీ వాడు అందులోనే రికార్డు చేసుకుంటాడు. ఇప్పుడు బ్యాటరీ ఉబ్బి మూగబోయింది. ముఠాలో పాతుకుపోయిన మన డబుల్ ఏజెంట్ 'నెమలి', రిపేరు వంకతో దాన్ని ఒక్క గంట బయటికి తేగలదు.

"బ్యాటరీ మార్చు. గొంతు విను. పేరు చెప్పు. ఆ ద్రోహి తప్పించుకుంటే నెమలి బతకదు."

ఏజెంట్ సూదికి ఈ పని వెన్నతో పెట్టిన విద్య. డిపార్ట్‌మెంట్ వర్క్‌షాప్ నడిపే మేనమామ దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నాడు. తండ్రి పోయాక అతన్ని పెంచిందీ, ఈ ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే. ఆ ప్లేయర్ మోడల్ తానెప్పుడూ చూడలేదని, వారం రోజులు గాలించి బ్యాటరీ సంపాదించానని చెప్పి, మేనల్లుడి జేబులో పెట్టాడు.

"బిగించి ఆమె చేతికిచ్చెయ్ రా. ఆమే వింటుంది. నువ్వు మాత్రం క్షణం కూడా అక్కడ ఉండకు."

మావయ్యకి తన మీద ఎంత బెంగో అనుకున్నాడు సూది.

మధ్యాహ్నం మూడు. షాపింగ్ కాంప్లెక్స్‌లో మెట్ల కింద రిపేరు కొట్టు. సూదికి అతికించిన మీసం ఒకటే దురద. నల్ల కళ్ళద్దాలతో, సెంటు ఘుమఘుమలతో నెమలి రాగానే ఎదురు కొట్టు టైలరు కొలతలు మర్చిపోయాడు.

"ఇది పాడటం మానేసి పదకొండు రోజులైంది," అంది.

"పాడకపోయినా ఫరవాలేదు, మాట్లాడితే చాలు," అన్నాడు సూది. కోడ్ సరిపోయింది.

హెయిర్ డ్రయర్‌తో జిగురు కరిగించి వెనక మూత లేపాడు. బ్యాటరీ చిన్న దిండులా ఉబ్బి ఉంది. గీత పడితే నిప్పంటుకుంటుంది. ప్లాస్టిక్ రేకుతో ఊపిరి బిగబట్టి ఊడదీశాడు. కొత్తది పెట్టి, కనెక్టర్ నొక్కి, మూత మూసి నెమలి చేతికిచ్చాడు. ఆన్ కావాలంటే బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి.

పాతదాన్ని ఇసుక బకెట్లో వేయబోతూ తిరగేశాడు. అడుగున నల్ల ఇంకుతో తేదీ. కింద గీత, గీత కింద చుక్క.

ఆ గీత, ఆ చుక్క మావయ్యవి. ఇంట్లో గోడ గడియారానికి సెల్లు మార్చినా తేదీ వేయనిదే ఆయనకి తోచదు. అంటే, ఆ తేదీ ప్రకారం పదకొండు నెలల కిందటే ఈ ప్లేయర్ ఆయన బల్ల మీదికి వచ్చింది. మరి ఇవాళ ఇచ్చిన కొత్త బ్యాటరీ మీద తేదీ ఏదీ?

నెమలి వేలు బటన్ మీద ఉంది. ఒకటి. రెండు.

సూది ప్లేయర్ లాక్కున్నాడు. మూత పీకి కనెక్టర్ ఊడదీశాడు. పై తొడుగు చించితే సగం సెల్లు, సగం బూడిదరంగు పేలుడు ముద్ద.

"నన్ను చంపమని పంపారా మిమ్మల్ని?" అంది నెమలి.

కాదని తల ఊపాడు సూది. బల్ల మీది పవర్ సప్లై వైర్లు ప్లేయర్‌కి తగిలించి, చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నారు. తనకి అక్షరాలు దిద్దించిన గొంతు, తాపీగా, ఏజెంట్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతోంది. ఆ జాబితాలో సూది పేరు లేదు. అది తెలిశాక ఏడుపు ఆగలేదు.

చీఫ్‌కి ఫోన్ చేసి, ఆ గొంతెవరిదో చెప్పాడు. పెట్టేయగానే ఫోన్ మోగింది.

"బయటికొచ్చేశావా?" మావయ్య ఆదుర్దా.

"లేదు మావయ్యా. బ్యాటరీ మీద తేదీ వెయ్యలేదేం?"

అవతల వర్క్‌షాప్ తలుపు ఎవరో గట్టిగా బాదడం వినిపించింది.

"చెయ్యి కాల్చుకోలేదు కదరా?" అని అడిగి ఫోన్ పెట్టేశాడాయన.

సూది ఆ బ్యాటరీని సాక్ష్యం కవర్లో పెట్టి, పైన తేదీ వేశాడు. కింద గీత. గీత కింద చుక్క. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో మావయ్య తేదీ వేయకుండా బయటికి పంపిన సరుకు అదొక్కటే. ఆ లోటు కూడా మేనల్లుడే తీర్చాడు.