ఇందాలో ఇంకో విల్‌ఫ్రెడ్

1995 జనవరి. ఏజెంట్ విల్‌ఫ్రెడ్‌కు ఢిల్లీ నుంచి ఫోన్.

"క్షిపణి భాగాలతో స్పెషల్ ట్రైన్ ఖరగ్‌పూర్ వస్తోంది. నాలుగూ పదికి కంట్రోలర్ డేటాబేస్‌లో రూటు చదివి సిగ్నల్ ఇస్తాడు. ఈలోగా విదేశీ ముఠా ఆ రూటు మార్చి బండిని పాడుబడ్డ సైడింగ్ పట్టాల మీదికి మళ్లించబోతోంది. ఆపు!"

టీటీఈ నల్లకోటు వేషంలో అతను రైల్వే కంప్యూటర్ గదిలో అడుగుపెట్టేసరికి మూడూ యాభై అయిదు. దర్జాగా కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాడు. లాగిన్ కాలేదు. మళ్లీ కొట్టాడు. ఊహూఁ.

"లైను పోయినట్టుంది," అన్నాడు. నేరం వైర్ల మీదికి తొయ్యడం ఎంత సులువు!

డేటాబేస్ చూసుకునే ఎలీసమ్మది కూడా అతను వెళ్లే తాల్‌బగీచా చర్చే. అతని అసలు ఉద్యోగం తెలిసిన మనిషి.

"లైను ఠీక్ హై బాబూ. సర్వరూ బానే ఉంది. మిగతావోళ్లందరూ లోపలికి ఎల్తన్నారు." ఎవరెవరు లాగిన్ అయ్యారో చూపే సెషన్ల జాబితా తెరిచి ఆమె ఉలిక్కిపడింది. "ఇదేటి! నువ్విక్కడున్నావు, నీ పేరు మీద ఇందా పేట టెర్మినల్‌లో ఇంకెవులో కూకున్నారు. నీ పాస్‌వర్డ్ మార్సేసినారు. స్పెషల్ రూటు కూడా మార్సినారు. మార్పు ఖాయం సేసే కమిట్ ఒక్కటే కొట్టలేదు. నీ మనిషేనా? అయితే సెషన్ సంపితే నీ పని పాడైపోద్ది."

నాలుగూ అయిదు.

విల్‌ఫ్రెడ్‌కు అంతా అర్థమైంది. కలకత్తా ఏజెంటు సూసన్న, చూపు తిప్పుకోనివ్వని అందగత్తె, మొన్న కొత్త సంవత్సరం నాడు అతనింటికి భోజనానికి వచ్చింది. ఆరాధనలో చర్చివాళ్లందరికీ పంచే బైబిల్ వచనాల వాగ్దాన కార్డుల్లో అతను తీసుకున్నది గోడ మీద ఉంటే, దాని ముందు చాలాసేపు నిలబడింది. తన భక్తికి మురిసిపోయిందనుకుని ఈ వెర్రిమానవుడు పొంగిపోయాడు.

"టెక్నికల్ ఫాల్ట్ అయ్యుంటాది..."

"నాలుగూ తొమ్మిది బాబూ! నీ మనిషా, కాదా?"

"కాదత్తా!" సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి. "నా పాస్‌వర్డ్ కీర్తన91. మా వాగ్దానం కార్డులోదే. గోడకి తగిలించినాను. ఆ పిల్లకి నేనే సదివి వినిపించినాను."

ఎలీసమ్మ సెషన్ చంపేసింది. కమిట్ కాని మార్పు రద్దయింది, పాత రూటు తిరిగొచ్చింది. అర నిమిషంలో కంట్రోలర్ దాన్నే చదివాడు. స్పెషల్ సరైన లైనులో సాగిపోయింది. ముఠాకు అమ్ముడుపోయిన సూసన్న ఇందాలో పోలీసులకు దొరికింది.

విల్‌ఫ్రెడ్ తల ఎత్తలేకపోయాడు. ఎలీసమ్మ మాత్రం అతన్ని ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం అతనికి అర్థం కాలేదు.

మర్నాడు లాగ్ చూస్తే అర్థమైంది. రాత్రికి రాత్రి పదకొండు మంది పాస్‌వర్డ్‌లు మార్చుకున్నారు. అందరూ తాల్‌బగీచా చర్చివాళ్లే. మొదటి పేరు ఎలీసమ్మది.