రెండో మోత

వానలు ముమ్మరంగా పడే కక్కడ నెలలో కొడగులో తుపాకీ మోగదు. నాట్లకి దిగే ముందే ప్రతి ఇంట్లోనూ తుపాకులకి నూనె రాసి, నైరుతి గదిలో గతించిన పెద్దల దీపం దగ్గర గోడకి ఆనించి పెడతారు. నాట్లు పూర్తయి, ఆయుధాలకి పూజ చేసే కైల్‌పొదు పండుగ వచ్చేదాకా వాటి జోలికి పోరు. అడవిలో జంతువులు చూలుతో తిరిగే కాలం అది. సర్కారు వారి వేట చట్టం కూడా వానాకాలంలో వేట కూడదనే అంటుంది. పాతకాలం పెద్దలూ సర్కారూ ఒక్క మాట మీదకొచ్చిన సంగతి బహుశా అదొక్కటే.

రెండే రెండు సందర్భాల్లో మాత్రం ఏ కాలంలోనైనా తుపాకీ బయటికి తీస్తారు. మగబిడ్డ పుడితే ఒక మోత. ఇంట్లో ఎవరైనా పోతే వెంటవెంటనే రెండు. లోయలో ఇళ్ళు దూరందూరంగా ఉంటాయి కాబట్టి, కబురు చెప్పడానికి అంతకంటే దారి లేదు. రెండు మోతలు వినబడితే ఎవరు, ఎలా అని అడగకుండానే అందరూ తెల్లబట్టలు కట్టుకుని ఆ దిక్కుగా నడుస్తారు.

పెమ్మయ్యకి ఇవన్నీ తెలుసు. తెలిసినా అతని దృష్టిలో కట్టుబాట్లు పక్కింటివాళ్ళ కోసం పెట్టినవి. కొండ వాలంతా అతని కాఫీ తోట, కింద లోయంతా అతని వరి, మధ్యలో తాతలు కట్టిన పెంకుటిల్లు. తన హద్దురాళ్ళ లోపల కాలు పెట్టిన జంతువు తన సొమ్మేనని అతని వాదన. మనిషి దుర్మార్గుడేం కాదు. నవ్వుతూ పలకరిస్తాడు, ఇంటికొచ్చినవాడికి కడుపు నిండా పెడతాడు. కాకపోతే వద్దు అన్న మాట చిన్నప్పటినుంచీ అతనికి ఎవరూ చెప్పలేదు, వచ్చిన చిక్కల్లా అదే.

ఆ ఏడు అతని భార్య దేచమ్మకి నెలలు నిండాయి. అంతకు ముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డలు దక్కలేదు. ఈసారి ముందుగానే పుట్టింటికి పంపుదామనుకుంటే ఏరు పొంగి దారి మూసేసింది. కాన్పులు చెయ్యడంలో చెయ్యి తిరిగిన మేనత్త బొళ్ళవ్వ ఇంట్లోనే ఉంది కదా అని పెమ్మయ్య ధైర్యం చెప్పుకున్నాడు గానీ, పైకి ఎంత మామూలుగా ఉన్నా అతని ప్రాణమంతా ఆ కడుపులో బిడ్డ మీదే ఉంది. ఉయ్యాల కూడా తనే చెక్కించాడు. అది కనబడితే దేచమ్మ భయపడుతుందని అటక మీద దాచాడు.

ఆ సాయంత్రం వాన కాస్త పలచబడింది. పాలేరు కాళ వచ్చి, పొలం చివర కణుజు జింక దిగి నారు మేస్తోందని చెప్పాడు. చెప్పింది డప్పు కొట్టి తరమడానికి. పెమ్మయ్య మాత్రం నైరుతి గదిలోకి వెళ్ళి జోడు గొట్టాల తుపాకీ తీసుకుని, దీపం వైపు చూడకుండా బయటికొచ్చాడు. ఇంత వానలో ఫారెస్టు రేంజరు ఎవడొస్తాడు, వచ్చినా ఎవడు చెబుతాడు అన్నది అతని ధీమా.

కాఫీ మొక్కల మధ్యనుంచి ఇద్దరూ గట్టు దాకా దిగారు. తడి ఆకు వాసన, బురద వాసన. మసక వెలుగులో ఆ ఆడ కణుజు గేదె దూడంత ఎత్తున నిలబడి ఉంది. పారిపోలేదు. పారిపోయేంత చురుకు దాని ఒంట్లో ఉన్నట్టు లేదు. మొదటి దెబ్బకి మోకాళ్ళ మీద కూలింది. కూలి, తల తిప్పి అతనికేసి చూసింది. ఆ చూపు భరించలేక పెమ్మయ్య రెండో మీట కూడా నొక్కేశాడు.

మోత కొండలకి తగిలి తిరిగొచ్చాక గానీ తను చేసిందేమిటో అతనికి తట్టలేదు.

కాళ దగ్గరికి వెళ్ళి, పొట్ట మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. "నిండు చూడిదయ్యా," అన్నాడు. "లోపలిది ఇంకా కదులుతోంది."

"నోరు మూసుకుని కత్తి తియ్," అన్నాడు పెమ్మయ్య.

కాళ కత్తి తియ్యలేదు. మాంసం పెమ్మయ్యే కోశాడు. కడుపులో దాన్ని పూడ్చిపెడదామని కాళ గొణిగితే, గొయ్యి తవ్వితే ఆనవాలు మిగులుతుందని దాన్ని ఏట్లోకి తోసేశాడు. ఇంటికి చేరి, తుపాకీ దాని చోట పెట్టి, మాంసం వంటింటి పొయ్యి మీద వేలాడదీసి, కాళ్ళు కడుక్కుంటూ ఉండగా గట్ల మీద లాంతర్లు కనిపించాయి. ఒకటి కాదు, వరసగా.

అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. ముందు నడుస్తున్నది అవతలి ఇంటి మాచయ్య, ఊళ్ళో అందరికంటే పెద్ద. వాకిట్లోకి వచ్చి గొడుగు ముడిచి అడిగాడు.

"ఎవరు?"

అందరి చూపూ పెమ్మయ్యని దాటి ఇంట్లోకి వెళుతోంది. వాళ్ళ మనసులో ఉన్న పేరేమిటో అతనికి అర్థమైంది. సరిగ్గా అప్పుడే ఏమిటా అలికిడి అనుకుంటూ దేచమ్మ, రెండు చేతులూ నడుముకి ఆనించుకుని, గుమ్మంలోకి వచ్చింది. వాకిలి నిండా తెల్లబట్టలు చూసింది. అందరూ తననే చూస్తున్నారు. ఆడవాళ్ళలో ఎవరో చటుక్కున చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నాకోసమా వచ్చారు?" అంది దేచమ్మ, చాలా నెమ్మదిగా.

ఏనుగు తోటలో పడితే బెదరగొట్టడానికి పేల్చానని పెమ్మయ్య అబద్ధం చెప్పాడు. మాచయ్య విన్నాడు. అతని అంగీ చేతి మీద నెత్తురు మరక చూశాడు. వంటింటి పొయ్యి వైపు నుంచి వస్తున్న వాసన పీల్చాడు.

"ఏనుక్కి రెండెందుకు పేల్చావు, పెమ్మయ్యా?"

"నా పొలంలో ఎన్ని పేల్చాలో కూడా మిమ్మల్నే అడగాలా, అజ్జయ్యా?"

"అడగక్కర్లేదు. నీ పొలమే. పేల్చింది మాత్రం మా అందరికీ వినబడుతుంది," అన్నాడు ముసలాయన. లాంతరు తీసుకుని వెనక్కి తిరిగాడు. వచ్చినవాళ్ళు వచ్చిన దారినే పోయారు.

ఆ రాత్రి బొళ్ళవ్వ అన్నం పెడుతూ పెమ్మయ్య మొహం చూడలేదు. "చావు పిలుపు పంపావు. పంపిన పిలుపుని వెనక్కి తీసుకోవడం నాకు తెలిసి ఎవరికీ రాదురా," అంది.

అతను విసుక్కున్నాడు. విసుక్కున్నాడే గానీ ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది. తెల్లవారగానే ఇంట్లో ఉన్న తూటాలన్నీ మూటగట్టి, ఒక్కటి మాత్రం ఉంచుకుని, మిగతావి బావిలో పడేశాడు. ఆ ఒక్కటీ కొడుకు పుడితే పేల్చడానికి. రెండోది అన్నదే ఇంట్లో లేకపోతే రెండో మోత ఎక్కణ్ణుంచి వస్తుందని అతని ధైర్యం.

కాళ ఆ రోజు పనిలోకి రాలేదు. మర్నాడూ రాలేదు. గుడిసెలో చాప కూడా లేదు. రేంజరు దగ్గరికి పోయి ఉంటాడని పెమ్మయ్య అనుమానం. తుపాకీ జప్తు చేస్తే కొడగువాడికి తల తీసేసినట్టే. మనిషిని పంపి వాకబు చేయిస్తే, రేంజరు ఆఫీసుకి ఎవరూ రాలేదన్నారు. అయితే మాచయ్య ఇంట్లో దాక్కుని ఉంటాడనుకున్నాడు. గట్టు మీద ఎవరు నడిచినా తన పొయ్యి మీద ఎండుతున్న మాంసం కోసమే చూస్తున్నారనిపించింది. ఆ మాంసం కూడా ఓ పట్టాన ఎండలేదు. కింద నిప్పు మండుతూనే ఉంది, పైనుంచి చుక్క చుక్క కారుతూనే ఉంది. ఆ వాసనకి దేచమ్మ అన్నం మానేసింది. చివరికి బొళ్ళవ్వే దాన్ని తీసి పారేసింది.

ఆ తర్వాత తుపాకీ తడవడం మొదలైంది.

పొద్దున్నే దీపం పెట్టడానికి వెళ్ళిన బొళ్ళవ్వే చూసింది. తలుపు వేసే ఉంది, పైకప్పు ఎక్కడా కారడం లేదు. అయినా తుపాకీ మూతి నుంచి నీళ్ళు కారి నేల మీద మడుగు కట్టాయి. పెమ్మయ్య తుడిచి నూనె రాశాడు. మర్నాడు మళ్ళీ తడి. వంగి వాసన చూస్తే ఏటి బురద వాసన... దాని కింద, సన్నగా, అప్పుడే పేల్చినట్టు మందు వాసన. ఎవరో రాత్రిళ్ళు తన తుపాకీ తీసుకెళ్ళి వాడుతున్నారు, ఆ పాపం తన మీదకి తోస్తున్నారు. అలా అనుకుని గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. బొళ్ళవ్వని కూడా అడిగాడు, ఇంకో తాళంచెవి నీ దగ్గర ఉందా అని. ఆవిడ ఏడ్చింది.

తాళం వేసినా తడి ఆగలేదు.

ఓ సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి, దేచమ్మకి నొప్పులు మొదలయ్యాయి. బొళ్ళవ్వ ఆమెని లోపలి గదిలోకి తీసుకెళ్ళి గడియ వేసుకుంది. పెమ్మయ్య తాళం తీసి తుపాకీ తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. గొట్టాలు కిందికి వంచి తెరిచి, కుడివైపు ఒక్క తూటా పెట్టాడు. ఎడమవైపు వేలు పెట్టి చూసుకున్నాడు. ఖాళీ. మళ్ళీ చూసుకున్నాడు. ఖాళీయే.

అప్పుడు వాన ఆగింది.

కక్కడలో వాన ఆగడమేమిటి. వారాల తరబడి చెవుల్లో నిండిపోయిన హోరు ఒక్కసారిగా పోయేసరికి, తన ఊపిరి తనకే వినబడింది. చూరు నుంచి రాలే చుక్కలు కూడా లేవు. కప్పలు లేవు. లోపల దేచమ్మ మూలుగు ఒక్కటే...

పొలం చివర నుంచి కణుజు అరిచింది.

ఒక్క అరుపు. గుండెకి తగిలినట్టు. ఆ వెంటనే ఇంకోటి, ఇంకొంచెం దగ్గరగా, కాఫీ మొక్కల్లోంచి. తర్వాత బురదలో అడుగులు. బరువుగా, ఆగి ఆగి వేస్తున్న అడుగులు. వాటి వెనకే, తడబడుతూ, చిన్నవి.

అతను లాంతరు ఎత్తాడు. వాకిలి ఖాళీగా ఉంది. ఏటి బురద వాసన మాత్రం అరుగు ఎక్కి అతని మొహానికి కొట్టింది. "కాళా," అని పిలిచాడు. "నువ్వేనా?" చిన్న అడుగులు అరుగు కిందుగా ఇంటి పక్కకి తిరిగి... లోపలి గది కిటికీ ఉన్న వైపుకి... వెళ్ళి... ఆగాయి.

పెమ్మయ్య లేచి నిలబడ్డాడు. తప్పయిపోయింది, నాది తప్పయిపోయింది అని ఎవరితోనో, తనకే తెలియకుండా అంటున్నాడు.

లోపల బిడ్డ కేరుమంది.

"మగపిల్లాడురా," అంది బొళ్ళవ్వ, తలుపు తియ్యకుండానే. ఆవిడ గొంతులో నవ్వు ఉంది. వెనకాల నీరసంగా దేచమ్మ నవ్వు కూడా వినబడింది. పెమ్మయ్యకి కన్నీళ్ళు ఆగలేదు. భయం, వాసన, అడుగులు అన్నీ మరిచిపోయి వాకిట్లోకి ఉరికాడు. తుపాకీ ఆకాశంలోకి ఎత్తి కుడి మీట నొక్కాడు. ఒక్క మోత. లోయంతా తిరిగింది. బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చింది. అంత తియ్యటి చప్పుడు తన జన్మలో వినలేదనుకున్నాడు.

అరుగు మీదకి వచ్చి, వచ్చేవాళ్ళ కోసం సారా సీసా, గ్లాసులు పెట్టాడు. మాచయ్యకి ముందు పొయ్యాలి, కాళ్ళ మీద పడి నిజం చెప్పెయ్యాలి అనుకున్నాడు. కాసేపటికి గట్ల మీద లాంతర్లు కనబడ్డాయి. ఎదురు వెళ్ళాడు నవ్వుతూ.

లాంతర్లు దగ్గరికొచ్చాయి.

అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు.

"కొడుకు పుట్టాడు అజ్జయ్యా," అన్నాడు పెమ్మయ్య. "ఒక్కటే పేల్చాను."

మాచయ్య అతనికేసి జాలిగా చూశాడు. "మాకు రెండు వినబడ్డాయి."

"ఎదురుకొండ నుంచి తిరిగొచ్చి ఉంటుంది."

"కొండ మోత నాకు కొత్తా, నాయనా? రెండూ నీ వాకిట్లోంచే వచ్చాయి."

పెమ్మయ్య తుపాకీ తెరిచి లాంతరు వెలుగులో పెట్టాడు. కుడివైపు ఖాళీ తూటా ఉంది. ఎడమవైపు ఏమీ లేదు. చూడండి, ఏమీ లేదు అని అందరికీ తిప్పి చూపించాడు. మాచయ్య ఎడమ గొట్టంలో వేలు పెట్టి బయటికి తీశాడు. వేలు నల్లగా ఉంది. ఆయన పెమ్మయ్య చెయ్యి పట్టుకుని ఆ గొట్టం మీద పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది.

అప్పుడు పెమ్మయ్యకి తెలిసింది, ఇంట్లోంచి ఏడుపు వినబడటం లేదని. ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు. దేచమ్మ గొంతు కూడా లేదు.

"ఎవరు?" అన్నాడు మాచయ్య, ఆ రోజు అడిగినట్టే.

పెమ్మయ్య ఇంటి వైపు తిరిగాడు. లోపలి గదిలోంచి ఎవరో, మెల్లిగా, గడియ తీస్తున్నారు.