వియ్యపురాలి గ్రీసు

సుందరమ్మ జొన్నరొట్టెను అలా పెనం మీద వేసిందో లేదో, కిటికీలో పెట్టిన ఫోను మోగింది. చేతుల నిండా పిండి.

"ఏమయ్యా, బిడ్డ ఫోన్ చేస్తున్నది. జర ఎత్తరాదు!" అని లోపలికి కేకేసింది.

భిక్షపతి లుంగీ సర్దుకుంటూ వచ్చి ఫోను ఎత్తి భార్య ముఖం కనబడేలా పట్టుకున్నాడు. కంచన్‌బాగ్‌లోని లోహాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి నిరుడే రిటైరయ్యాడాయన. గౌలిపుర గల్లీలో ఉన్న ఆ రెండు గదుల ఇంట్లో ఇప్పుడు వాళ్లిద్దరే ఉంటారు. ఒక్కగానొక్క కూతురు స్వీటీ మాల్టాలో నర్సు. అల్లుడు కృపాకర్ అక్కడే ఒక హోటల్లో లెక్కలు చూస్తాడు.

రాత్రి డ్యూటీ దిగి వచ్చినట్టుంది, స్వీటీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"మమ్మీ, మే నెలల సెలవు దొరికింది! నువ్వు, డాడీ, అత్తమ్మ ముగ్గురు రావాలె. టికెట్లు నేనే చేస్త."

"నన్ను వదిలెయ్ బిడ్డా," అన్నాడు భిక్షపతి. "గంతసేపు ఇమానంల కాళ్లు ముడుచుకొని కూసునుడు నాతోని కాదు. మీ అమ్మను పిలుసుకో."

స్వీటీ ఎంత బతిమాలినా ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఆమె తల్లి వైపు తిరిగింది.

"సరే మమ్మీ, నువ్వు చెప్పు. మాల్టా మస్తు చిన్నది, తొందరగ అయిపోతది. అదే వీసా మీద సముద్రం చుట్టుపక్కల దేశాలు కూడ చూడొచ్చు. రోము పోదామా? గ్రీసు పోదామా? స్పెయిన్ పోదామా?"

"నాకేం ఎర్క బిడ్డా. నీ ఇష్టం."

"గట్ల కాదు. నీకేం చూడాలని ఉన్నది?"

"నువ్వు ఎటు తీస్కపోతే అటొస్త. నీ ఇష్టమే నా ఇష్టం."

స్వీటీ ఏదో అనబోయి ఆగింది. "సరే మమ్మీ, పండుకుంట," అని ఫోను పెట్టేసింది. రొట్టె మాడిపోయింది. సుందరమ్మకు అది కూడా పట్టలేదు. సాయంత్రానికల్లా కూతురు తనను విమానం ఎక్కిస్తోందన్న సంగతి గల్లీ అంతా తెలిసిపోయింది.

ఆ సంతోషం ఆదివారం దాకే నిలిచింది.

చర్చి అయ్యాక చెప్పులు వెతుక్కుంటుంటే వెనక నుంచి వియ్యపురాలు బేబీ వచ్చి భుజం పట్టుకుంది. బేబీది బందరు. భర్త డానియేలుకు ఇక్కడ ప్రభుత్వ ల్యాబు ఆఫీసులో ఉద్యోగం రావడంతో ముప్పై ఏళ్ల కిందట కంచన్‌బాగ్ చేరింది. ఆయన పోయాక ఒక్కతే ఉంటోంది. నలుగురిలో ఉన్నా సరే, మనసులో ఉన్నది మొహమాటం లేకుండా అనేసే మనిషి.

"వందనాలు వదినగారూ! గ్రీసు ఖాయమైపోయిందండోయ్!"

"ఎవరు ఖాయం చేసిన్రు?"

"ఇంకెవరండీ, అమ్మాయీ నేనూను. మొన్న ఫోన్లో పెద్ద పోట్లాటే అయింది. తను రోము అంటుంది. నేను వింటేగా! బైబిల్లో చెప్పే కొరింథు ఊరు గ్రీసులోనే ఉంది కదండీ, చిన్నప్పటినుంచీ చర్చిలో కొరింథు, కొరింథు అని వినడమే గాని ఎలా ఉంటుందో తెలీదు, అక్కడికి తీసుకెళ్తే తీసుకెళ్లు, లేకపోతే నేను రానన్నాను. నవ్వి ఒప్పుకుంది."

సుందరమ్మ నవ్వినట్టే తలూపింది. ఇంటికి వచ్చి వంట చేసి, తను మాత్రం తినకుండా కూర్చుంది.

గ్రీసు మీద ఆమెకు కోపం లేదు. గ్రీసు ఏ దిక్కున ఉందో కూడా ఆమెకు తెలియదు. తనతో నాలుగు ముక్కల్లో ముగించే కూతురు, అత్తతో పోట్లాడేంతసేపు ఏం మాట్లాడుతుంది? పోయిన చలికాలం స్వీటీకి జ్వరమొస్తే ఆ కబురు తనకు బేబీ చెబితే తెలిసింది. స్వీటీ ఫొటోల్లో కట్టుకున్న నీలం చీర అత్త పెట్టింది. తను చేసే బగారా అన్నం కోసం పేచీ పెట్టే పిల్ల, ఇప్పుడు అత్త నేర్పిన రొయ్యల పులుసు వండి ఫొటోలు పంపుతోంది. ఒక్కొక్కటీ గుర్తుచేసుకున్న కొద్దీ సుందరమ్మ కడుపులో మంట ఎక్కువైంది.

"బుక్కెడు తిను," అన్నాడు భిక్షపతి.

"నాకు ఆకలి లేదు."

"వియ్యపురాలు ఏమన్న అన్నదా?"

"ఆమెకేం, రాణి! కన్నది నేను, ఏలేది ఆమె."

రెండు రోజులకు స్వీటీ మళ్లీ ఫోను చేసింది. గ్రీసు మాట ఎత్తగానే సుందరమ్మ నోటి వెంట ఒక అబద్ధం దానంతటదే వచ్చేసింది.

"బిడ్డా, మీ అత్తకు గ్రీసు ఇష్టం లేదంట. మోకాళ్ల నొప్పులాయె. గా కొండలు, గుట్టలు ఎట్లెక్కుతది? నీ మొఖం చూసి ఒప్పుకున్నదంట."

"నాతోని గట్ల అనలేదే!"

"నీతోని ఎట్లంటది? నాతోని అన్నది."

"సరే మమ్మీ. అయితే గ్రీసు క్యాన్సిల్ చేస్త. ఎటూ పోవద్దు, మాల్టాలనే ఉందాం," అంది స్వీటీ. ఆ గొంతులో ఉత్సాహం చచ్చిపోయింది. ఫోను పెట్టాక సుందరమ్మకు ఎక్కడో ఓ మూల తృప్తి కలిగింది. ఆ తృప్తిని చూసి ఆమెకే భయమేసింది.

మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు ఆటో ఆగింది. బేబీ దిగింది. ఎప్పుడూ గల్లీ మొదట్లోనే వినబడే ఆమె గొంతు ఇవాళ వినబడలేదు. భిక్షపతి కుర్చీ వేసినా కూర్చోలేదు.

"వదినగారూ, ఒక్క మాట అడుగుతాను. గ్రీసు ఇష్టం లేదని నేను మీతో ఎప్పుడన్నానండీ?"

సుందరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నేలవైపు చూసింది. భిక్షపతి భార్య వైపు చూశాడు.

"అడుగుతున్నది నిన్నే. చెప్పు," అన్నాడు.

"అనలే. నేనే అన్న!" ఒక్కసారిగా తలెత్తింది సుందరమ్మ. "అయితే ఏంది? అన్నీ నీ ఇష్టమేనా? నా బిడ్డకు జ్వరమొస్తే నీకే తెల్వాలె, నా బిడ్డ ఏం కట్టాలె, ఏం వండాలె, ఏ దేశం పోవాలె అన్నీ నువ్వే చెప్పాలె. ఇంక నేనెందుకు? నవ్వుకుంట మాట్లాడి నా పిల్లను నా చేతులకెళ్లి గుంజుకున్నవ్!"

బేబీ ముఖం పాలిపోయింది. పోట్లాటకు సిద్ధపడే వచ్చిన మనిషి, ఆ మాట విన్నాక కుర్చీలో కూలబడిపోయింది.

"నేను గుంజుకోవడమేంటండీ? రాత్రి ఫోన్లో అమ్మాయి నా దగ్గర ఏడ్చింది. ఎవరికోసమనుకున్నారు? మీకోసం."

"నాకోసం ఏడుసుడేంది?"

"'అత్తమ్మా, మా మమ్మీకి అసలు ఇక్కడికి రావడమే ఇష్టం లేదేమో. ఏదడిగినా నీ ఇష్టం అంటుంది. ఫలానాది కావాలని అడగదు, వద్దనదు. నేను బలవంతంగా లాక్కొస్తున్నానేమో' అని ఒకటే ఏడుపు. గ్రీసు పోయినందుకు కాదండీ నేనొచ్చింది. దాని ఏడుపు వినలేక వచ్చాను."

సుందరమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. గౌను కొనడానికి పోయినా, చదువులో చేర్పించడానికి పోయినా, పెళ్లి సంబంధం వచ్చినా ఆమె ఒకటే మాట అంది. నీ ఇష్టం బిడ్డా. తన తల్లి తనకు ఏ ఇష్టమూ మిగల్చలేదు. కూతురికి మాత్రం అన్నీ వదిలేయాలనుకుంది. ప్రేమంటే అదేననుకుంది.

ఆమె వెంటనే లేచి తనే ఫోను చేసింది.

"బిడ్డా, మీ అత్త గట్ల అనలే. నేనే అబద్ధం చెప్పిన."

"ఎందుకు మమ్మీ?"

"కుళ్లుకున్న. నువ్వు ఆమెతోని అన్ని మాట్లాడ్తవ్, నాతోని మాట్లాడవ్."

అటునుంచి స్వీటీ వెక్కిళ్లు వినిపించాయి. "నువ్వు మాట్లాడనిస్తే కద మమ్మీ! అత్తమ్మ అది వద్దంటది, ఇది గావాలంటది, నాతోని లొల్లి పెడ్తది. నువ్వు నాతోని ఎప్పుడన్న లొల్లి పెట్టినవా? జ్వరమొచ్చిందంటే నీకు ఫికరైతదని చెప్పలే. ఏమన్న అడిగితే నీ ఇష్టం అంటవ్. మా మమ్మీకి నా దగ్గర ఏదీ అవసరం లేదేమో అనిపిస్తది."

"అవసరం లేకుండ ఎట్లుంటది!" ఫోనును ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది సుందరమ్మ. "నాకు గ్రీసు వద్దు, రోము వద్దు. నువ్వు పనిచేసే దవాఖాన చూడాలె. నువ్వు కూరగాయలు కొనే అంగడి చూడాలె. నీ పక్కల పండుకోవాలె. మొదలు మూడు దినాలు నువ్వు నేనే ఉండాలె. ఎవ్వరు ఉండొద్దు. మీ అత్త కూడ ఉండొద్దు."

అన్నాక గుర్తొచ్చింది, ఆ అత్త ఎదురుగానే ఉందని. సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బేబీ కళ్లు తుడుచుకుని లేచి, ఫోను దగ్గరికి ముఖం వంచింది.

"అమ్మాయ్, నా టికెట్టు మూడు రోజులు వెనక్కి జరిపెయ్. గ్రీసు మాత్రం వదిలేది లేదు, చెప్తున్నా!"

"ఒక్కదానివే ఎట్లొస్తవ్ వదినా?" అంది సుందరమ్మ. "నడిమిట్ల దుబాయ్‌ల ఇమానం మారాలంట. ఒక్కదాన్ని పోవాలంటె నాకే భయమైతున్నది."

"ఎలాగోలా వస్తానండీ. అడిగింది మీరు కదా. ఇన్నాళ్లకి ఒకటి అడిగారు."

వద్దులే, కలిసే పోదాం అన్న మాట సుందరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అనలేదు. ఆ మూడు రోజులు ఆమెకు నిజంగానే కావాలి.

సుందరమ్మ ఒక్కతే బిక్కుబిక్కుమంటూ దుబాయ్‌లో విమానం మారి మాల్టా చేరింది. ఆ మూడు రోజులూ ఆమెకు దొరికాయి. కూతురి వెంట బస్సెక్కి ఆస్పత్రి చూసింది. ఇంత ఇరుకు గదిలో ఎలా పడుకుంటున్నావని కసిరింది. టమాటాలు ఏరడం రాదని అంగట్లోనే గొడవపడింది. స్వీటీ ఎదురు తిరిగింది. ఇద్దరూ అలిగారు, మళ్లీ నవ్వుకున్నారు. మధ్యాహ్నం పూట కూతురి తల ఒడిలో పెట్టుకుని నూనె రాస్తుంటే, ఆ పిల్ల తన ఆస్పత్రి కష్టాలన్నీ చెప్పుకుంటూ చెప్పుకుంటూ నిద్రపోయింది.

నాలుగో రోజు కృపాకర్‌కు హోటల్లో సెలవు దొరకకపోతే, తల్లీకూతుళ్లే విమానాశ్రయానికి పోయారు. జనం మధ్యలో నుంచి బేబీ వచ్చింది. జుట్టు చెదిరిపోయి ఉంది. బ్యాగును రెండు చేతులతో గుండెలకు అదుముకుని, బెదురు చూపులు చూస్తోంది. ఎంత భయపడిందో ముఖంలోనే తెలిసిపోతోంది.

"అత్తమ్మా!" అంటూ స్వీటీ పరుగెత్తి వెళ్లి కావలించుకుంది. బేబీ కోడలి భుజం మీద తల వాల్చి చిన్నపిల్లలా ఏడ్చేసింది.

సుందరమ్మ గుండెలో చురుక్కుమంది. అదింకా పోలేదు. పోతుందన్న నమ్మకం కూడా ఆమెకు లేదు. అయినా ముందుకు నడిచి, బేబీ చేతుల్లోంచి బ్యాగు తీసుకుంది. ఆ వేళ్లు మంచులా చల్లగా ఉన్నాయి. వాటిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని గట్టిగా రుద్దసాగింది.

"ఇమానంల ఏమన్న తిన్నవా వదినా?"

బేబీ తల అడ్డంగా ఊపింది.

"నాకు ఎర్కనే. పా, అన్నం వండి పెట్టొచ్చిన," అంది సుందరమ్మ. ఆ చేయి వదలకుండానే బయటికి దారి తీసింది.