నెలాఖరుకు మూతపడే పుస్తకం

"బటన్లు లిఫ్టులో కూడా ఉంటాయండీ. అలాగని అందులో కూర్చుని చదువుకుంటామా?"

ఎదురు కౌంటర్ నుంచి వినిపించిన ఆ మాటకు అతని ముందున్న ఆవిడ ఫక్కున నవ్వింది. తమ కంపెనీ ఈ-రీడర్‌కి పేజీ తిప్పే బటన్లున్నాయని, ఒంటిచేత్తో పట్టుకుని హాయిగా చదువుకోవచ్చని అప్పటిదాకా అతను గుక్క తిప్పుకోకుండా చెప్పినదంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

ఆ ఎలక్ట్రానిక్స్ షాపు రెండో అంతస్తులో రీడర్లు అమ్మే కౌంటర్లు రెండే, ఎదురెదురుగా ఉంటాయి. అతని కంపెనీ అతనికి నల్ల టీషర్టు ఇచ్చింది. ఆ రోజే కొత్తగా చేరిన ఆ అమ్మాయికి వాళ్ళ కంపెనీ తెల్లది ఇచ్చింది.

"ఇది కొన్నాక మోజు తీరి రేపు అది కొనుక్కున్నాననుకోండి. ఇందులో పుస్తకాలు అందులోకి వస్తాయా?" అనడిగింది ఆవిడ.

"రావండీ," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఏ కంపెనీ పుస్తకాలకు ఆ కంపెనీ తాళం వేసుకుంటుంది. డబ్బు పెట్టి కొన్నదైనా సరే, పక్క కంపెనీ రీడర్‌లో తెరుచుకోదు. ఆ రెండు కంపెనీలకూ ఏకాభిప్రాయం కుదిరిన విషయం అదొక్కటే. ఆవిడ చివరికి తెల్లచొక్కా అమ్మాయి దగ్గరే కొనుక్కుని వెళ్ళిపోయింది.

"ఏమనుకోకండి, నాకు కాస్త నోరెక్కువ," అంది ఆ అమ్మాయి.

"కాస్తేనా?"

"మొదటి రోజు కదా, అణుచుకున్నాను."

ఆమె అతనికి నల్లచొక్కా అని పేరు పెట్టింది. అతను ఊరుకుంటాడా, తెల్లచొక్కా అన్నాడు. మీరు కాస్తా నువ్వుగా మారడానికి ఎక్కువకాలం పట్టలేదు. బేరాలు లేనప్పుడు కౌంటర్ అద్దం తుడుస్తున్నట్టు నటిస్తూ అతను ఆమెనే చూసేవాడు. "తుడిచిన చోటే తుడుస్తున్నావు, అద్దం అరిగిపోతుంది," అనేది ఆమె తలెత్తకుండానే. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ రీడర్లు అంటగట్టే అతని నోరు, ఇష్టమన్న ఒక్క మాట దగ్గర మాత్రం మొరాయించేది. రేపు చెబుదాంలే అనుకుంటూనే ఏడాది పైగా గడిపేశాడు.

అంతలో ఆమె కంపెనీ రీడర్ల వ్యాపారం ఎత్తేసింది. నెలాఖరుతో సర్వర్ ఆపేస్తారట. ఆ తాళాలు తీసేది సర్వరే కాబట్టి, ఆ తర్వాత ఎవరు కొన్న ఏ పుస్తకమూ తెరుచుకోదు. ఆమె ఉద్యోగమూ అంతటితో సరి.

జనం విరుచుకుపడ్డారు. "కొన్న పుస్తకం ఎప్పటికీ మీదేనన్నావుగా?" అని ఒక్కొక్కరూ నిలదీస్తుంటే ఆమె తల వంచుకుని "మెయిల్ పెట్టండి సార్" అనేది. ఆ మెయిల్‌కి జవాబు రాదని ఆమెకూ తెలుసు. తిట్టి తిట్టి అలిసిపోయినవాళ్ళు వెనక్కి తిరిగితే ఎదురుగా అతనే ఉండేవాడు. అతని అమ్మకాలు ఎన్నడూ లేనంతగా పెరిగాయి. మేనేజర్ వచ్చి భుజం తట్టినప్పుడు అతనికి ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది.

ఒకరోజు ఆమె స్టాక్‌రూంలో అట్టపెట్టెల మీద కూర్చుని ఏడుస్తూ కనిపించింది.

"జనం తిడితే పడతాను. మా నాన్ననే చూడలేకపోతున్నాను."

తల్లి లేని ఇల్లు. నాన్న టైలర్. సూదిలో దారం ఎక్కించలేకపోయిన రోజున మిషన్‌కి ముసుగు వేసేశాడు. చదవడమంటే ప్రాణం కాబట్టి, ఆమె తన మొదటి జీతంతో రీడర్ కొనిచ్చింది. అక్షరాలు ఎంత పెద్దవి చేసిందంటే, తెర మీద నాలుగు మాటలు పడితే గొప్ప.

"ఓ పెద్ద నవల సగంలో ఉన్నాడు. నెలాఖరులోగా పూర్తిచెయ్యి నాన్నా అన్నాను. ఇక చూడు, నిద్ర మానుకుని కూర్చుంటున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఆపడు."

"చదివి వినిపించే ఆప్షన్ ఉంటుందిగా?"

"ఆ పుస్తకానికి అదీ లాక్ చేశారు. పబ్లిషర్ ఒప్పుకోలేదట."

అతను ఓదార్పుగా ఏదో అనబోయాడు. ఏమన్నా అమ్మేవాడి మాటలాగే ఉంటుందనిపించి ఊరుకున్నాడు.

మర్నాడు ఆమె భోజనానికి వెళ్ళిన సమయంలో, షాపు వాచ్‌మన్ ఒక పెద్దాయనను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అతని కౌంటర్ దగ్గర వదిలాడు.

"నల్లచొక్కా అంటే నువ్వేనా బాబూ?"

"నేనేనండీ."

"ఎదురుగా పనిచేసేది మా అమ్మాయే. నిన్ను తిట్టకుండా ముద్ద మింగదు. అది లేని సమయం చూసి వచ్చాను. నీ రీడర్ ఒకటి చూపించు."

అతను ఒకటి తీసి చేతికిచ్చాడు. పెద్దాయన దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి," అన్నాడు.

అతను దాన్ని ఇంకా ఆన్ చేయనేలేదు. తెర మీద ఒక్క అక్షరం కూడా లేదు.

అతను కిక్కురుమనలేదు. ఆ మౌనంలోనే పెద్దాయనకు సంగతి అర్థమైపోయింది.

"ఏం లేదా దాంట్లో?"

"లేదండీ."

"దొరికిపోయానన్నమాట." ఆయన రీడర్‌ని జాగ్రత్తగా కౌంటర్ మీద పెట్టాడు. "కిందటి వానాకాలంలోనే పోయాయి బాబూ కళ్ళు. వెలుగూ నీడా తప్ప ఏం తెలీదు. డాక్టర్ చేతులెత్తేశాడు. దానికి చెప్పలేదు. మొదటి జీతం పెట్టి కొన్నది కదా, అమ్మాయి చూసినప్పుడల్లా పేజీలు తిప్పుతూ కూర్చుంటాను."

"మరి ఇప్పుడిదెందుకండీ?"

"పుస్తకాలన్నీ ఇందులోకి వచ్చేశాయని చెబుతా. ఏడుపు ఆపేస్తుంది."

"అవి రావని ఆమెకు తెలుసండీ. వచ్చినవాళ్ళందరికీ ఆ మాట చెప్పేది ఆమే."

"అవునా?" పెద్దాయన ముఖం వాడిపోయింది. ఎంత ఆలోచించి వేసుకొచ్చిన ఎత్తో పాపం. "సరేలే. నా కళ్ళ సంగతి మాత్రం దాని చెవిన వేయకు. ఉద్యోగమూ పోయి, ఇదీ తెలిస్తే తట్టుకోలేదు. నాకు మాటివ్వు."

ఆయన చెయ్యి చాచాడు. అతను నిలబడ్డ చోటికి కాదు, కాస్త పక్కకు. అతను జరిగి ఆ చెయ్యి అందుకున్నాడు.

సాయంత్రం వాన పట్టుకుంది. షాపు బయట రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. చూరు నుంచి కారే నీళ్ళు ఆమె చెప్పుల మీద పడుతున్నా ఆమె జరగలేదు.

"ఆఖరి జీతం ముందే వేసేశారు," అంది ఆమె. "రేపు నీ దగ్గర రీడర్ కొంటాను. నాన్న పుస్తకాలన్నీ మళ్ళీ కొంటాను. నవ్వుకో, నీకు కమీషన్ కూడా వస్తుంది."

అతను తల అడ్డంగా ఊపాడు.

"నేను అమ్మను."

"ఏం? నా డబ్బు చెల్లదా?"

"అది కాదు."

"జాలా? ఊరంతా నన్ను తిట్టి నీ దగ్గర కొనుక్కుంటుంటే అడ్డురాని జాలి, నేనొచ్చేసరికి పుట్టుకొచ్చిందా?"

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. ఎందుకంటే అది నిజం. ఈమెకూ ఒకటి అమ్మేసి నోరు మూసుకుంటే పెద్దాయనకిచ్చిన మాట నిలబడుతుంది, ఈమె ఏడుపు ఆగుతుంది, మేనేజర్ ఇంకోసారి భుజం తడతాడు. ఆ తర్వాత ఈమె ముఖంలోకి ఎలా చూడాలో మాత్రం అతనికి తోచలేదు.

"మీ నాన్నకు కళ్ళు కనిపించవు," అన్నాడు. "ఎప్పటినుంచో. ఇవాళ వచ్చారు. నీకు చెప్పొద్దన్నారు. సరేనని మాట కూడా ఇచ్చాను."

"అబద్ధం. నిన్న కూడా పేజీలు తిప్పుతూ చదివాడు. నేను చూశాను."

"పేజీలు తిప్పారు."

ఆమె గోడకు ఆనుకుంది. ఏడవలేదు. నోరెక్కువని చెప్పుకున్న పిల్ల అలా మాట పడిపోయినట్టు నిలబడితే అతనికి ప్రాణం పోయినట్టయింది. క్షమించమని అడగడానికి కూడా ధైర్యం చాలలేదు.

"కళ్ళు నొప్పెడతాయి నాన్నా, చాలించు అంటే, ఇంకొక్క పేజీ అనేవాడు," అంది చివరికి. "నేను పిచ్చిదాన్నా?"

"కాదు. నేను ఇంకోటి కూడా దాచాను. నువ్వంటే నాకు..."

"తెలుసు. అద్దం తుడిచినప్పుడే తెలుసు. ఇవాళ అనకు. ఇవాళ ఏ మాటా పట్టదు నాకు." కొంగుతో ముఖం తుడుచుకోబోయి, టీషర్టుకు కొంగెక్కడిదని గుర్తొచ్చి చేత్తోనే తుడుచుకుంది. "ఇంటికి ఒక్కదాన్నీ వెళ్ళలేను. రా."

ఇంట్లో ముసుగేసిన మిషన్ పక్కన పెద్దాయన రీడర్ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. రెండు జతల చెప్పుల చప్పుడు విని తలెత్తాడు.

"ఎవరమ్మా?"

"నల్లచొక్కా, నాన్నా."

"చెప్పేశాడన్నమాట. మధ్యాహ్నం ఇచ్చిన మాట సాయంత్రానికి తప్పావు. రేపు దీనికేదైనా మాటిచ్చినా ఇంతేనా బాబూ?"

"ఆమె దగ్గర దాచలేకపోయానండీ. దాచడం నా వల్ల కాదు."

పెద్దాయన నిట్టూర్చాడు. "కుర్చీ లాక్కుని కూర్చో."

ఆమె తండ్రి మోకాళ్ళ దగ్గర కూలబడి, ఆయన ఒళ్ళోంచి రీడర్ తీసుకుంది. "ఎక్కడిదాకా వచ్చావు?"

"ఒక్క ముక్క చదివింది లేదు తల్లీ."

"మొన్న కథంతా చెప్పావుగా? తమ్ముడు అలిగి ఇల్లొదిలి వెళ్ళాడని, వదిన స్టేషన్‌కి పరుగెత్తిందని?"

"నేనే అల్లాను."

ఆమె నవ్విందో ఏడ్చిందో అతనికి తెలియలేదు.

"అయితే అసలు కథేమిటి?"

"నాకేం తెలుసు? మొదటినుంచి చదువు."

"నెలాఖరులోగా అవదు నాన్నా. సగంలో మూతపడిపోతుంది."

"తెలుసు. అయినంతవరకే."

ఆమె మొదటి పేజీ తెరిచింది. మొదటి వాక్యం సగంలోనే ఆగిపోయింది. రీడర్‌ని అతని చేతిలో పెట్టి, తండ్రి మోకాలి మీద తల ఆనించింది.

అతను గొంతు సవరించుకుని, ఆమె ఆపిన మాట దగ్గర అందుకున్నాడు.